ప్రతి ముక్కకీ ఒక నంబరు

జర్మనీలోని కొలోన్ నగరంలో 2009 మార్చి 3, మంగళవారం, మధ్యాహ్నం రెండు కావస్తుండగా సెవెరిన్ వీధిలోని నగర ఆర్కైవ్స్ భవనం కూలిపోయింది. పక్కనే భూగర్భంలో మెట్రో రైలు పనులు సాగుతున్నాయి. తవ్విన గోతిలోకి నీరూ ఇసుకా రాకుండా దింపిన కాంక్రీటు గోడలో లోపం ఉండిపోయింది. అక్కడినుంచి నీరూ ఇసుకా ఒక్కసారిగా గోతిలోకి దూసుకుపోవడంతో భవనం కింద నేల ఖాళీ అయింది. పనివాళ్లు హెచ్చరించడంతో లోపలున్న ఉద్యోగులూ, చదువుకోవడానికి వచ్చినవారూ బయటపడ్డారు. ఆర్కైవ్స్‌తోపాటు కూలిన పక్క ఇళ్లలో ఇద్దరు యువకులు చనిపోయారు.

తప్పెవరిదన్న విచారణ ఏళ్ల తరబడి నడిచింది. 2020లో నిర్మాణ సంస్థల కూటమి నగరానికి 60 కోట్ల యూరోలు చెల్లించేందుకు ఒప్పుకొంది. ఆ కథ చాలామంది రాశారు. నేను రాయదలచింది ఆ మర్నాటి నుంచి మొదలైన పని గురించి. భవనం లేదు, అరలు లేవు, చదివే గది లేదు. కాగితాలు ఇటుకల కింద, నీళ్ల కింద ఉన్నాయి. అయినా అది నగరపాలనలో ఒక శాఖ. ఉద్యోగులున్నారు, చట్టం అప్పగించిన బాధ్యతలున్నాయి, ఉత్తరాలు రాసి అడిగే జనం ఉన్నారు. పన్నెండేళ్లు సొంత గూడు లేకుండా, మధ్యలో ఎందరో వచ్చి ఎందరో వెళ్లగా, ఆ శాఖ తన పని తాను చేసుకుపోయిన తీరు చూస్తే నాకు పనితనం మీద గౌరవం పెరిగింది.

ముందు అక్కడ ఏముందో చెప్పాలి. పక్కపక్కన నిలబెడితే సుమారు ముప్పై కిలోమీటర్ల పొడవు వచ్చే దస్త్రాలు. అన్నిటికన్నా పాతది 922వ సంవత్సరం నాటిది. ముద్రలు వేలాడే చట్టబద్ధ పత్రాలే 65,000. లక్షకు పైగా పటాలు, ప్లాన్లు. సుమారు ఐదు లక్షల ఫొటోలు. ఏడు వందలకు పైగా వ్యక్తుల, కుటుంబాల సొంత కాగితాలు. మధ్యయుగపు తత్వవేత్త ఆల్బర్టస్ మాగ్నస్ స్వహస్తంతో రాసిన ప్రతులు అక్కడే ఉన్నాయి. స్వరకర్త జాక్ ఆఫెన్‌బాక్ కాగితాలు, తరువాతి కాలంలో పశ్చిమ జర్మనీకి తొలి ఛాన్సలర్ అయిన కోన్రాడ్ అడెనావర్ కొలోన్ మేయరుగా ఉన్ననాటి ఫైళ్లు కూడా అక్కడివే. 1972లో నోబెల్ అందుకున్న నవలాకారుడు హైన్రిష్ బోల్ కాగితాల్లో ఒక పెద్ద భాగాన్ని నగరం కొన్నది భవనం కూలడానికి కొద్ది వారాల ముందే.

కానీ ఈ పెద్ద పేర్ల కంటే నన్ను ఆకట్టుకున్నది పన్నెండో శతాబ్దం మొదటి సగం నుంచి ఉన్న భూమి లావాదేవీల రికార్డు. ఫలానా పేటలో ఫలానా ఇల్లు ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరికి వారసత్వంగా వచ్చింది, ఎవరు తాకట్టు పెట్టారు అన్నది పేటలవారీగా రాసి పెట్టుకున్నారు. మొదట పెద్ద చర్మపత్రాల మీద, తరువాత పుస్తకాల్లో, 18వ శతాబ్దం చివర ఫ్రెంచివాళ్ల పాలన వచ్చేదాకా ఆ రాత సాగింది. పహాణీ నకలు కోసం, అడంగల్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లకు దాని విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక మామూలు కమ్మరి ఇంటి సరిహద్దు ఏమిటో చెప్పగల నగరాలు లోకంలో ఎన్నో లేవు.

ఈ కాగితాలకు కష్టాలు కొత్త కాదు. 1407, 1414 మధ్య కట్టిన టౌన్‌హాల్ గోపురంలో నగరసభ తన దస్తావేజులకు చోటు ఇచ్చింది. 1857లో లియోనార్డ్ ఎన్నెన్ అనే ఆయన్ని పూర్తికాలపు ఆర్కైవిస్టుగా పెట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు కొలోన్ నడిబొడ్డును నేలమట్టం చేశాయి. అప్పుడు ఆర్కైవ్స్ వాళ్లు ముందుచూపుతో సరుకంతా ఊరి బయటకు తరలించారు కాబట్టి చెప్పుకోదగ్గ నష్టం లేకుండా బయటపడింది. 1971లో సెవెరిన్ వీధిలో కట్టిన భవనం తన కాలానికి గొప్ప నమూనా. మందపాటి ఇటుక గోడలు, సన్నటి కిటికీ చీలికలు. యంత్రాల సాయం పెద్దగా లేకుండానే లోపల వేడీ తేమా ఒక్క తీరుగా ఉండేవి. ఇతర దేశాల వాళ్లు వచ్చి చూసి నేర్చుకున్నారు. యుద్ధానికి చెక్కుచెదరనివి, ఈ ఆదర్శ భవనంతోపాటు ఒక మామూలు మంగళవారం మధ్యాహ్నం గోతిలో పడ్డాయి.

ఇక పని సంగతి. తడిసిన కాగితానికి గడువు రెండు రోజులే. ఆ తరువాత బూజు పడుతుంది. తోలు బైండింగు ఉబ్బుతుంది, మెరుపు కాగితం పుటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కొన్ని సిరాలు కరిగి పక్క పుట మీదికి పాకుతాయి. ముప్పై కిలోమీటర్ల కాగితాన్ని రెండు రోజుల్లో ఆరబెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని వాళ్లు కాలాన్నే ఆపారు. తడి కాగితాన్ని మంచినీళ్లతో కడిగి, ఇసుకా సిమెంటు బురదా పోగొట్టి, పలుచని ప్లాస్టిక్ పొరలో కట్టుగా చుట్టి గడ్డకట్టించారు. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, సిరా పాకదు. అది ఏళ్లు ఆగగలదు. తరువాత మ్యున్‌స్టర్ వంటి చోట్ల ఉన్న వాక్యూమ్ గదుల్లో ఆరబెట్టారు. గాలి తీసేసిన గదిలో మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరైపోతుంది. నీరు ద్రవంగా ఉండే దశ లేదు కనుక కాగితం మళ్లీ తడవదు. నలిగినది నలిగినట్టే, చినిగినది చినిగినట్టే, కానీ పొడిగా చేతికి వస్తుంది.

పొడిగా దొరికినదానికి దారి వేరు. శిథిలాల మట్టిని పెద్ద హాళ్లకు తరలించి, బల్లల మీద పరిచి, చేతులతో ఏరారు. యంత్రంతో తోడేస్తే వారాల్లో ముగిసే పని. వాళ్లు చేత్తోనే చేశారు. అగ్నిమాపక సిబ్బంది, విపత్తు సహాయ దళాలు, దేశం నలుమూలల నుంచీ పొరుగు దేశాల నుంచీ వచ్చిన ఆర్కైవిస్టులు, కన్సర్వేటర్లు, విద్యార్థులు అందరూ కలిసి వెయ్యిమందికి పైగా పాల్గొన్నారు. వాళ్లలో చాలామంది కొద్ది రోజులకు వచ్చి వెళ్లిపోయేవాళ్లు. ఇవాళ బల్ల దగ్గరున్న మనిషి వచ్చే వారం ఉండడు. కాబట్టి పనిని ఒక పొద్దులో నేర్పగలిగేంత సులువుగా మలచాలి. తడా, పొడా? చర్మపత్రమా, కాగితమా, ఫొటోనా? బూజు ఉందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే చాలు, ఎవరైనా బల్ల దగ్గర నిలబడవచ్చు. ఇది పదిహేనో శతాబ్దపు ఉత్తరమా, పదహారో శతాబ్దపు లెక్కల పుస్తకమా అన్నది అక్కడ తేల్చనక్కర్లేదు. తెలిసినవాళ్లు ముందు చేయాలనుకునేది సరిగ్గా అదే. తేల్చకుండా ఆగడం చాలా కష్టమైన నిగ్రహం. ఏ గూటి కాగితం ఆ గూట్లో పెడదామని అక్కడే మొదలుపెట్టి ఉంటే మిగిలినదంతా బూజుపాలయ్యేది.

2009 శరదృతువు వచ్చేసరికి మొత్తంలో 85 శాతం బయటికి వచ్చింది. మిగిలినది భూగర్భ జలాల మట్టానికి దిగువన ఉంది. దానికోసం ఆ గోతిలో ప్రత్యేకంగా ఒక కట్టడం కట్టి, నీటిని అదుపులో పెట్టి, 2011లో మళ్లీ దిగారు. రెండేళ్లు నీళ్లలో నానిన కాగితం తీసి ఏం లాభమని ఎవరైనా అనగలరు. తీశారు. దాంతో దొరికినది 95 శాతానికి చేరింది. దొరికినదాంట్లో మూడో వంతుకు పైగా తీవ్రంగా దెబ్బతిన్నది, సగం ఒక మోస్తరుగా, పదిహేను శాతం స్వల్పంగా.

తీసినవి పెట్టడానికి చోటు లేదు. అప్పుడు జర్మనీలోని ఇరవై ఆర్కైవ్స్ తమ అరల్లో చోటిచ్చాయి. కొలోన్ నగరపు జ్ఞాపకం దేశమంతటా చెదిరి తలదాచుకుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెట్టెలు నింపింది దొరికిన వరసలో గాని, ఏ శాఖది ఆ శాఖకు కాదు. ఒకే పెట్టెలో 14వ శతాబ్దపు చర్మపత్రం, 1960లలోని పారిశుధ్య శాఖ ఫైలు, ఎవరిదో పెళ్లి ఫొటో కలిసి ఉండవచ్చు. ఒకే ఫైలులోని రెండు సగాలు రెండు ఊళ్లలో ఉండవచ్చు.

ఆర్కైవ్స్‌కు గ్రంథాలయానికి ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. అచ్చు పుస్తకం ఏ గదిలో దొరికినా దాని పేరు దాని మీదే ఉంటుంది. ఒక విడి కాగితానికి అలా ఉండదు. దాని అర్థం దాని పక్కనున్న కాగితాల్లో ఉంటుంది. ‘పై విషయమై మీ ఆదేశం ప్రకారం చర్య తీసుకున్నాం’ అని ఒక ఉత్తరం ఉంటే, ఆ విషయమేమిటో ముందున్న ఉత్తరం చెప్పాలి. ఏ శాఖలో పుట్టింది, ఏ ఫైలులో ఎన్నో కాగితం అన్నది పోతే, కాగితం చేతిలో ఉన్నా అది చెప్పే సాక్ష్యం పోయినట్టే. సెవెరిన్ వీధిలో కూలినది ముఖ్యంగా ఆ వరస. గోడలు వేరే చోట కట్టుకోవచ్చు. వందల ఏళ్లుగా గుమాస్తాలూ ఆర్కైవిస్టులూ నిలిపిన వరసను ఎక్కడినుంచి తేవాలి?

వాళ్లు కనిపెట్టిన జవాబు చూడ్డానికి చాలా చిన్నది. ఆ ఇరవై ఆర్కైవ్స్‌లోని పెట్టెలను ఒక్కొక్కటే తెరిచి, చేతికి వచ్చిన ప్రతిదానికీ ఒక బార్‌కోడ్ ఇచ్చారు. మొత్తం పుస్తకమైనా ఒకటే, చిరిగిన సగం ఆకైనా ఒకటే. ఆ నంబరు కింద కంప్యూటరులో ఫొటో, ఏ వస్తువు, ఎంత పరిమాణం, ఎంత దెబ్బతిన్నది, ఏ పెట్టెలో ఉంది అన్న వివరాలు ఎక్కించారు. పాత నంబరు కనబడితే అదీ రాశారు. కనబడకపోతే, ఫలానా అయి ఉండవచ్చునన్న ఊహను ఊహగానే రాశారు.

ఈ నంబరులో ఉన్న వివేకం గురించి ఇంకొంచెం చెప్పాలి. అది వస్తువు ఏమిటో చెప్పదు. ‘ఇది మా చేతికి వచ్చింది, ఇక్కడ ఉంది’ అని మాత్రమే చెబుతుంది. పాత వరసలో దాని చోటు ఇంకా తెలియకపోయినా, ఇప్పటి ప్రపంచంలో దానికొక చిరునామా ఏర్పడింది. ఇక అది తప్పిపోదు. చోటు తెలిసిననాడు పాత నంబరును కొత్త నంబరుకు ముడివేస్తే చాలు, కాగితాన్ని కదపనైనా అక్కర్లేదు. మ్యున్‌స్టర్‌లో ఉన్న సగాన్నీ వేరే ఊళ్లోని సగాన్నీ ముందు తెరమీద కలపవచ్చు. తరువాత, వీలున్నప్పుడు, బల్లమీద కలపవచ్చు. తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ కలిపేయకుండా రెండు వేరు గళ్లలో రాసిన ఆ క్రమశిక్షణ లేకపోతే, తొందరపాటున వేసిన ఒక్కో తప్పు గుర్తింపు తరువాతివాళ్లకు నిజంగా చలామణి అయ్యేది.

ఇదంతా ఉద్యోగుల మార్పుతో ముడిపడిన సంగతి కూడా. కూలిన భవనంలో ఏళ్లపాటు పనిచేసినవాళ్లకు సరుకు కంటిగుర్తు. అట్ట రంగు చూసి, దారం ముడి చూసి, ఇది ఫలానా వరసలోది అని చెప్పగలరు. మొదటి నెలల్లో ఆ కళ్లకు వెలకట్టలేం. కాని వాళ్లు రిటైరవుతారు, వేరే ఉద్యోగాలకు పోతారు. 2009 తరువాత చేరినవాళ్లు పాత భవనాన్ని లోపలినుంచి చూడనైనా లేదు. పాత ఉద్యోగి కంటిగుర్తు అతనితో పోకముందే ఆ నంబరు కిందికి ఎక్కాలి. ప్రతి పెట్టె దగ్గరా కూర్చుని చేసిన ఆ నమోదు కాగితాలను లెక్కపెట్టడంతో ఆగలేదు. మనుషుల తలల్లో ఉన్నదాన్ని ఆఫీసు సొత్తుగా మార్చింది.

ఇది జరగనప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పాత వ్యవస్థలో అన్యాయాలున్నాయి, రద్దు చేయడానికి బలమైన కారణాలే ఉన్నాయి. కాని ఊరి లెక్కలు కరణం గారి ఇంట్లో, ఆయన బుర్రలో ఉండేవి. ఏ సర్వే నంబరు ఎప్పుడు ఎందుకు చీలింది, ఏ పేరు పక్కన ఆ చిన్న గుర్తు ఏమిటి అన్నది ఆయనకే తెలుసు. పుస్తకాలు చేతులు మారినచోట కూడా ఆ తెలివి చేతులు మారలేదు. చాలా ఊళ్లలో పుస్తకాలూ అన్నీ చేరలేదు. ఆ ఖాళీ మీద నడిచిన భూమి తగాదాలు తెలుగు పల్లెల్లో పెరిగినవాళ్లెవరికీ కొత్త కాదు. మనిషిని మార్చేముందు ఆ మనిషికి తెలిసినదాన్ని కూర్చోబెట్టి రాయించుకోవడం పాలనలో అన్నిటికన్నా తక్కువ ఖర్చు పని. కొలోన్‌లో ఆ పనిని అన్నిటికన్నా గడ్డు రోజుల్లో చేశారు. నేనింతగా మెచ్చుకోవడానికి అసలు కారణం అదే.

ఇంకో వైపు జనం ఉన్నారు. తలుపులు మూసిన ఆర్కైవ్స్‌ను జనం మరిచిపోవడానికి ఎంతోకాలం పట్టదు. ఒక పరిశోధక విద్యార్థి మూడేళ్లు ఆగలేడు. వేరే అంశం చూసుకుంటాడు. అతని తరువాతివాళ్లకు ఇక్కడ ఏముందో చెప్పేవాళ్లు ఉండరు. అందుకని మూసివేత అన్నది తాళం వేసి బోర్డు పెట్టే వ్యవహారంగా మిగలకూడదని వాళ్లు మొదటినుంచీ చూసుకున్నారు. పాత సరుకులో ముఖ్యమైన భాగాలను దశాబ్దాల కిందటే మైక్రోఫిల్ము తీశారు. జర్మనీలో అలాంటి ఫిల్ములను బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో, ఓబెర్‌రీడ్ ఊరి దగ్గర, పాత గని సొరంగంలో ఉక్కు పీపాల్లో దాచే ఏర్పాటు 1975 నుంచీ ఉంది. యుద్ధం వస్తే పనికొస్తుందని చేసిన ఏర్పాటు ఒక పురపాలక ప్రమాదంలో అక్కరకొచ్చింది. ఆ ఫిల్ముల ఆధారంగా నగరం మధ్యలో హాయ్‌మార్క్ట్ దగ్గర తాత్కాలికంగా ఒక చదివే గది తెరిచారు. అసలు కాగితం లేదు, దాని నీడ ఉంది. చాలా ప్రశ్నలకు ఆ నీడ చాలు.

దీనితోపాటు, కూలిన ఆ నెలలోనే, విశ్వవిద్యాలయాల సాయంతో ఇంటర్నెట్‌లో ఒక డిజిటల్ ఆర్కైవ్ మొదలైంది. అందులోని ఆలోచన చాలా సూటిగా ఉంది. ఇన్ని దశాబ్దాలుగా ఎందరో పరిశోధకులు ఇక్కడినుంచి ఫొటోకాపీలు, ఫొటోలు తీసుకెళ్లారు. అవి వాళ్ల బీరువాల్లో ఉన్నాయి. వాటిని తిరిగి ఇవ్వమని అడిగారు. చదువరులు తమ దగ్గరున్న నకళ్లను ఎక్కించారు. అన్నాళ్లూ పుచ్చుకున్నవాళ్లు ఇచ్చేవాళ్లయ్యారు. పాత వరసను మళ్లీ నిలబెట్టేవాళ్లకు ఆ నకళ్లు సాక్ష్యాలు కూడా. కూలకముందు ఆ పుట ఎలా ఉండేదో, ఏ పుట తరువాత ఏది వచ్చేదో అవి చూపిస్తాయి. తరువాత ఆర్కైవ్స్ తానుగా స్కాను చేసినవన్నీ వరసగా తెరమీదికి వచ్చాయి. 16వ శతాబ్దంలో కొలోన్‌లో ఉన్న హెర్మాన్ వైన్స్‌బెర్గ్ అనే న్యాయవాది తన ఇల్లూ వాకిలీ, తిండీ తిప్పలూ, ఇరుగూ పొరుగూ గురించి వేల పుటల్లో రాసుకున్న జీవిత కథ కూడా ఇప్పుడు ఎవరైనా ఎక్కడినుంచైనా చూడవచ్చు. 2020లో మహమ్మారి లోకంలోని చదివే గదులన్నిటికీ తాళం వేసినప్పుడు తక్కిన సంస్థలు తెరమీది చదువు గురించి హడావుడిగా ఆలోచించవలసి వచ్చింది. ఇక్కడ ఆ అలవాటు అప్పటికే పదకొండేళ్ల పాతది.

బయటివాళ్లకు కనిపించని పని మరొకటి నడిచింది. నగరం కాగితం పుట్టించడం మానదు. ప్రతి శాఖా పాత ఫైళ్లను ఆర్కైవ్స్‌కు చూపించాలి. ఏది ఉంచాలో, ఏది చింపేయవచ్చో ఆర్కైవిస్టు చెప్పాలి. 2009 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన జర్మన్ చట్టం ప్రకారం జననాల రిజిస్టర్లు 110 ఏళ్లకు, పెళ్లిళ్లవి 80 ఏళ్లకు, మరణాలవి 30 ఏళ్లకు ఆర్కైవ్స్‌కు చెందుతాయి. అంటే ఏటా జనవరిలో కొత్తగా కొన్ని సంపుటాలు గుమ్మం ముందుకొస్తాయి. భవనం కూలిందని ఆ గడువు ఆగదు. శిథిలాలు తవ్వుతూ, చెదిరినవి లెక్కిస్తూ, మరోపక్క ఇవాళ్టి ఫైళ్లను, కంప్యూటరులోనే పుట్టి కంప్యూటరులోనే ఉండే రికార్డులను ఎంచి తీసుకోవాలి. ఇది మానేసి ఉంటే ఎవరూ నిందించేవాళ్లు కాదు. కాని వందేళ్ల తరువాత చూసేవాళ్లకు కొలోన్ చరిత్రలో 2009 దగ్గర రెండు గోతులు కనిపించేవి. ఒకటి కూలడం వల్ల పోయిన పాతది, రెండోది తీసుకోకపోవడం వల్ల పోయిన కొత్తది.

మరమ్మతు జరిగే చోటు గురించి చెప్పుకుందాం. నగరం అంచున పోర్ట్స్-లిండ్‌లో ఒకప్పటి ఫర్నిచర్ గోదామును 2011లో మరమ్మతు, డిజిటల్ కేంద్రంగా మార్చారు. ఇక్కడ పని పుట పుటకూ ఒకే తీరుగా ఉంటుంది. కూలిన భవనపు దుమ్ము మెత్తటి సిమెంటు పొడి. క్షారగుణం ఉన్నది. ప్రతి మడతలోకీ దూరింది. గాలి పీల్చే బల్లమీద పుస్తకాన్ని తెరిచి, మెత్తటి కుంచెతో, స్పాంజితో ఒక్కో పుటా తుడవాలి. వెయ్యి పుటల పుస్తకానికి రెండు వేల ముఖాలు. తరువాత ఆకును కొద్దిగా తేమపట్టించి, బరువుల కింద చదును చేయాలి. చిరుగుకు పలుచని జపాన్ కాగితం అతికించాలి. చర్మపత్రమైతే అది తడికి ముడుచుకుపోయే జాతి కనుక, అంచులు పట్టి మెల్లగా లాగుతూ ఆరబెట్టాలి. మైనపు ముద్ర పగిలితే ముక్కలు కూర్చాలి.

ఏది చేయకూడదో వాళ్లకు బాగా తెలుసు. పాత అట్ట స్థానంలో మెరిసే కొత్త అట్ట వేయరు. పోయిన అక్షరాన్ని పూరించరు. తెరిస్తే విరగకుండా, చదివితే కనిపించేలా, ఇంకో వందేళ్లు నిలిచేలా ఉంటే చాలు. దెబ్బ తగిలిన గుర్తు ఉండిపోతుంది. అది కూడా ఆ దస్త్రం చరిత్రలో భాగమే. రెండు వందలమంది నిపుణులు ముప్పై ఏళ్లు పనిచేయాలి అని మొదట్లో వేసిన అంచనా. ఎంత అందంగా చేయాలన్న ఆశకు ఆ లెక్కే హద్దు గీస్తుంది. ఒక పుస్తకానికి అవసరానికి మించి పెట్టిన వారం, వంతుకోసం ఎదురుచూస్తున్న ఇంకో పుస్తకం నుంచి తీసుకున్న వారం.

ఇక ముక్కలు. అరచేతిలో ఇమిడేవి, గోరంతవి, లక్షల్లో ఉన్నాయి. కొలోన్ వాళ్లు వాటికి రేకులు అని అర్థమొచ్చే ఒక ముద్దుపేరు పెట్టుకున్నారు. చేత్తో జత కుదర్చడం మనిషి జీవితకాలంలో అయ్యేది కాదు. ముక్కలను రెండు వైపులా స్కాను చేసి, అంచు ఆకారం, కాగితం రంగు, గీతలు, రాత తీరు చూసి ఏది దేని పక్కదో సూచించే కంప్యూటరు ప్రోగ్రామును వాడారు. అయినా ఒప్పుకోవాలో వద్దో నిర్ణయించేది ఆర్కైవిస్టే. యంత్రం అంచు చూస్తుంది, మనిషి వాక్యం చదువుతాడు. ఇలా కలిసిన ఆకుకు అప్పుడు, ఆఖరున, పాత వరసలో తన చోటు దొరుకుతుంది.

2005లో ఈ ఆర్కైవ్స్‌కు డైరెక్టరైన బెట్టీనా ష్మిట్-చాయా కూలిననాడూ ఆ పదవిలోనే ఉన్నారు, కొత్త భవనం తెరిచిననాడూ ఉన్నారు. ఇంత పొడుగు పనిలో పై స్థానంలో ఒకే మనిషి ఉండడం అదృష్టం. కింద స్థానాల్లో అలా కుదరదు. గడువున్న ప్రాజెక్టులకు గడువున్న నియామకాలు ఉంటాయి. శిక్షణకు వచ్చే కుర్రవాళ్లు నేర్చుకుని వెళతారు. కాబట్టి స్థిరంగా ఉండాల్సింది పద్ధతి. ఒక్కో వస్తువుకు ఇప్పటిదాకా ఏం చేశారు, ఎవరు తుడిచారు, ఎవరు అతికించారు, ఏం మిగిలింది అన్నది ఆ బార్‌కోడ్ కిందే ఉంటుంది. నిన్న చేరినవాళ్లు కూడా నంబరు కొట్టి, ముందటివాళ్లు ఆపిన చోటునుంచి అందుకోవచ్చు.

2021 సెప్టెంబరు 3న ఐఫెల్‌వాల్ వీధిలో కొత్త భవనం తెరిచారు. డార్మ్‌స్టాట్‌కు చెందిన వెష్టర్ ప్లస్ వెష్టర్ వాస్తుశిల్పులు గీసినది. నడిమధ్యన కిటికీలు లేని దిమ్మెలాంటి భాగంలో కాగితాలు, దాని చుట్టూ వెలుతురు వచ్చే భాగంలో మనుషులు. మరమ్మతు బల్లలు, చదివే గది, ప్రదర్శన హాలు అన్నీ ఆ వెలుతురులోనే. వచ్చినవారెవరికైనా మరమ్మతు జరుగుతున్నది ఇదే ఇంట్లో అని తెలుస్తుంది. ఏ సామాన్యుడైనా ఒక దస్త్రం మరమ్మతు ఖర్చును భరించి దాన్ని దత్తత తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. చదువరి అడిగిన నంబరు పక్కన చాలాసార్లు ఇంకా వంతు రాలేదనే కనిపిస్తుంది. ఎప్పటికి వస్తుందో చెప్పలేనప్పుడు, చెప్పలేమనే చెబుతారు.

ఈ భవనం తెరవడానికి కొద్ది వారాల ముందు, 2021 జులైలో పశ్చిమ జర్మనీలో భయంకరమైన వరదలు వచ్చాయి. బెల్జియం సరిహద్దు దగ్గర స్టోల్‌బెర్గ్ అనే చిన్న ఊరి ఆర్కైవ్స్ బురదనీళ్లలో మునిగింది. అప్పటికి కొలోన్ అగ్నిమాపక శాఖ దగ్గర పాత దస్త్రాలను కాపాడడానికే ప్రత్యేకించిన ఒక లారీ కంటెయినరు సిద్ధంగా ఉంది. ఊళ్లోని ఆర్కైవ్స్, మ్యూజియాలు, గ్రంథాలయాలు కలిసి ప్రమాదాల కోసం ఏర్పరచుకున్న సహకార సంఘం ఆలోచన అది. దాన్ని స్టోల్‌బెర్గ్‌కు పంపారు. వీధిలోనే బల్లలు వేశారు. గొట్టపు నీళ్లతో ఒక్కో దస్త్రాన్నీ కడిగి, పలుచని ప్లాస్టిక్ చుట్టి, గడ్డకట్టించడానికి పంపడం మొదలుపెట్టారు. ఆ బల్లల దగ్గర నిలబడినవాళ్లలో చాలామందికి అది మొదటిసారి. ఏం చేయాలో వాళ్లకు పక్కనున్నవాళ్లు అప్పటికప్పుడు నేర్పారు.